గీత మీద కోత

అంగట్లో అడుగుపెట్టిన మనిషి ముఖం ఎటు తిరిగితే బేరం అటే నడుస్తుంది. తిరువళ్ళూరులో ప్లైవుడ్డు పలకలూ, వాటి మీద అతికించే రంగు మైకా రేకులూ అమ్మే వెంకటాచలపతి ఈ ఒక్క నమ్మకం మీదే తన బల్ల ఎక్కడ ఉండాలో, ఎంత ఎత్తుండాలో, ఫ్యాను గాలి ఎవరికి తగలాలో తేల్చుకున్నాడు. మెట్లెక్కి వచ్చినవాడి చూపు నేరుగా వచ్చి అతని మీద పడాలి. ముప్పై ఏళ్ళుగా అట్లాగే పడుతూ వచ్చింది. ఈ రెండు నెలలుగా ఆ లెక్క తప్పింది. వచ్చినవాళ్ళు ముందు ఎడమ గోడవైపు తిరుగుతున్నారు. బల్ల వెనక కూర్చున్న అతనికి కనబడేవి వీపులు.

ఆ గోడకు తెల్లరంగు పూసిన పాత ఇనుప బీరువా తలుపు ఒకటి బిగించి ఉంది. దాని నిండా మైకా అతికించిన చెక్కముక్కలు. త్రికోణాలు, చదరాలు, ఒక పక్కకు ఒరిగిన పలకలు, వేలెడు వెడల్పు పట్టీలు. ఒక్కో ముక్క వెనక పాత ఫ్రిజ్ తలుపు రబ్బరులోంచి లాగిన అయస్కాంతం పట్టీ అతికించి ఉంటుంది. లాగితే వస్తుంది, ఆనిస్తే నిలుస్తుంది. ఎవరైనా, ఎట్లాగైనా మార్చి పెట్టుకోవచ్చు. అదంతా అతని భార్య వాసవాంబ పని. సామాను మాత్రం అతని అంగట్లో పొయ్యిలోకి పోవలసిన కోత ముక్కలు.

సోమవారం పొద్దున ఒక మేస్త్రీ వచ్చాడు. తలుపు చెక్క కోసం వచ్చినవాడు "ఒక్క నిమిషం శెట్టియారే" అని అందరిలాగే వీపు తిప్పాడు. ఎర్ర త్రికోణం కొన మీద నల్లపట్టీని నిలబెట్టాడు. దాని తల మీద పచ్చ చదరాన్ని ఒంటి మూల మీద ఆనించాడు. తల ఒకపక్కకు వంచి చూశాడు.

"ఇది పడిపోతాదా అక్కా?"

"కట్టింది మీరు. మీకే తెలియాల" అంది వాసవాంబ, రసీదు పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

"ఇల్లయితే ఈపాటికి పడిపోయుండు. నన్ను కూడా తన్నుందురు" అని మేస్త్రీ పగలబడి నవ్వాడు. వాసవాంబ కూడా నవ్వింది.

పన్నెండేళ్ళుగా ఆ మేస్త్రీ ఈ అంగడికి వస్తున్నాడు. వెంకటాచలపతి అతనికి చెడ్డ చెక్క ఒక్కటి ఇవ్వలేదు. అతని బావ కొడుకు పెళ్ళికి కూడా పోయి వచ్చాడు. ఒక్కసారైనా తన ముందర అంత నోరు తెరిచి నవ్వాడా అని వెతికి చూసుకున్నాడు. గుర్తుకు రాలేదు.

"ఇంతకీ అది ఏం బొమ్మ?" అన్నాడు వెంకటాచలపతి, మేస్త్రీ పోయాక.

"బొమ్మ కాదండీ."

"మరేంది?"

"ముక్కలు."

"ముక్కలని నాకూ కనిపిస్తానే ఉంది. దేనికని అడుగుతున్నా."

"జరపడానికి" అంది వాసవాంబ. ఆ మాటతో ఆమెకు సంగతి పూర్తి అయిపోయింది. అతనికి మొదలు కూడా కాలేదు.

మధ్యాహ్నం ఆమె అన్నానికి ఇంట్లోకి పోయింది. బజారు చప్పుడు కొంచెం తగ్గింది. వెంకటాచలపతి లేచి, పంచె సర్దుకొని, ఆ తలుపు ముందర నిలబడ్డాడు. ఆడది, కోత ముక్కలు ఏరుకొని చేసిన పని. చెక్కను పుట్టుకతో ఎరిగిన తాను చేస్తే ఎట్లా ఉంటుందో చూద్దామనుకున్నాడు. అన్నీ ఊడదీశాడు. వాస్తు ప్రకారం నైరుతిలో బరువుండాలి గనుక పెద్ద నల్లముక్కలన్నీ కింద ఎడమ మూలకు చేర్చాడు. ఈశాన్యం ఖాళీగా ఉండాలి గనుక పై కుడి మూల వదిలేశాడు. మిగతావి పెద్దవి కింద, చిన్నవి పైన, ఏ రంగు ఆ రంగు పక్కన వరస పెట్టాడు. వెనక్కి జరిగి చూసుకున్నాడు. శుభ్రంగా ఉంది. వంక పెట్టడానికి లేదు.

లోడు ఆటో నడిపే శరవణన్ లోపలికి వచ్చాడు. గోడవంక చూసి ఆగాడు.

"ఏంది మామా, స్టాకు తీస్తా ఉండారా?"

శరవణన్ దగ్గరికి వచ్చి, వరసలోంచి అన్నిటికన్నా చిన్న పసుపుపచ్చ త్రికోణాన్ని గోటితో లాగి, ఆ ఖాళీ మూలకు తీసుకుపోయి కొంచెం వంకరగా తగిలించాడు. "ఇప్పుడు చూడు మామా. ఒకడు తప్పించుకున్నాడు."

నిజంగానే తప్పించుకున్నట్టు ఉంది. వరసలో నిలబడినవన్నీ వాడి వంక చూస్తున్నట్టు ఉంది. మూడు నిమిషాలు లోడు దించడానికి వచ్చినవాడికి కూడా చేతనైంది. వెంకటాచలపతికి చెవులు వేడెక్కాయి. ఆమె వచ్చేలోపల అన్నీ ఊడదీసి, ఇష్టం వచ్చినట్టు అతికించి, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చున్నాడు.

సాయంత్రం తిరుత్తణి నుంచి డాక్టర్ జనని వచ్చింది. అక్కడ పిల్లల ఆసుపత్రి కొత్తగా పెడుతున్న అమ్మాయి, తెలుగు రైతు కుటుంబం. మందుల అరలకు మైకా రంగులు ఎంచుకోవలసిన మనిషి అరగంట సేపు గోడ దగ్గరే నిలబడింది. ముక్కలు జరిపింది, ఫోటోలు తీసింది, మళ్ళీ జరిపింది.

"అంకుల్, మా హాల్లో పిల్లోళ్ళు సూది అంటేనే ఏడస్తా కూర్చోనుంటారు. వాళ్ళకు ఇట్టాంటిది కావాల. పెద్దది. గోడంత."

"చేయించి పెడతామమ్మా. మా అంగట్లో చేయించిందే గదా ఇది" అన్నాడు వెంకటాచలపతి.

"తెలుసు అంకుల్. ఎవరు చేసినారు?"

వెంకటాచలపతి నోరు తెరిచాడు. ఆ క్షణంలో అతను ఏమి అనాలనుకున్నాడో అతనికే స్పష్టంగా తెలియదు.

"ముక్కలు ఆయన కోసినవే" అంది వాసవాంబ. "నేను ఏరుకున్నా."

జనని పూర్తిగా ఆమెవైపు తిరిగిపోయింది. అతనికి మరొక వీపు.

*

మర్నాడు ఆవడి క్వార్టర్స్‌లో వంటింటి అరలకు కోత పని వచ్చింది. ఎన్ని పలకల్లో ఎన్ని ముక్కలు తీయాలో గీసి ఇవ్వడం వెంకటాచలపతి పని. అందులో అతన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడని వడ్రంగం చేసే ఆశారులు కూడా ఒప్పుకుంటారు. ఎనిమిదడుగుల పొడవూ నాలుగడుగుల వెడల్పూ ఉన్న పలకను చూడగానే అందులో ఏ తలుపు ఎక్కడ పడుకుంటుందో అతనికి కనబడుతుంది. అయినా ఏ పలకకు ఆ పలకకు కొంత మిగలక తప్పదు. ఆ మిగిలినదంతా రంపం మెషీను పక్కన ఉన్న డ్రమ్ములో పడుతుంది. అక్కడి నుంచే వాసవాంబ ఏరుకొనేది.

ఆ రోజు అతను రెండు గంటలు కూర్చున్నాడు. గీశాడు, చెరిపాడు. వెనక పలకలను అడ్డం తిప్పాడు, సొరుగు అడుగులను నిలువు తిప్పాడు. మిగిలిన చోట సొరుగు పెట్టెకు అతుకులు, అతుకుల మధ్య మిగిలిన చోట గోడకు కొట్టే బద్దీలు. అడగనివి కూడా గీశాడు. చివరికి కాగితం మీద ఖాళీ అంటూ లేకుండా పోయింది.

రంపం నడిపే వరదన్ సాయంత్రం చేతులు దులుపుకుంటూ వచ్చాడు.

"ఏందన్నా ఇది, ఎలకకు కూడా మిగల్చలేదే! బద్దీలు ఎవురడిగినారు?"

"పనికొస్తాయిలే."

"అక్క వచ్చి డ్రమ్ము చూసి పోయింది. రెండు సార్లు."

"ఏమన్నా అనిందా?"

"ఏమీ అనలా. రంపంపొట్టు గుప్పెడు తీసి చూసి, మళ్ళా అందులోనే పోసేసింది."

వెంకటాచలపతికి ఆ రోజు అన్నం రుచిగా ఉంది. రెండోసారి పప్పు వేయించుకున్నాడు. ఎదుటి అంగడివాడి సరుకు తడిసినప్పుడు పైకి అయ్యో అంటూ లోపల కలిగే సుఖం ఒకటి ఉంటుంది, వ్యాపారంలో ఉన్నవాళ్ళకు తెలుసు. అది సొంత ఇంట్లో, సొంత కంచం ముందర కలగడం అతనికి ఇదే మొదలు. వడ్డిస్తున్న చేతివంక చూడకుండా తిన్నాడు.

చేయి కడుక్కొని వచ్చేసరికి వాసవాంబ అంది: "నాకు ఒక పలక కావాలండీ. పూర్తి పలక."

"దేనికి?"

"తిరుత్తణి పనికి. కోత ముక్కలతో అంత పెద్దది కాదులెండి. మైకా మాత్రం కొత్తది వద్దు. అటక మీద అమ్ముడుపోని పాత రంగులు ఉండాయే, అవి చాలు."

అటక మీద ఆరు రంగులు పడి ఉన్నాయి. చిలకపచ్చ, ఆవపిండి రంగు, వంకాయ రంగు, ఇంకా మూడు. ఏడేళ్ళ కిందట ఏజెంటు మాట నమ్మి తెప్పించి, ఎవరికీ అంటగట్టలేక, ఎవరి కంటా పడకుండా అతనే పైకి ఎక్కించిన రేకులు. అవి ఉన్నాయని ఆమెకు తెలుసనే అతను అనుకోలేదు.

కాదనడానికి ఒక్క కారణం కూడా దొరకలేదు.

*

బుధవారం పొద్దున ఆమె పాత క్యాలెండరు కాగితం వెనక గీసిన పటం తెచ్చి బల్ల మీద పరిచింది. నాలుగు మూలలా నాలుగు తాళం చెవులు పెట్టింది.

"ఆ గోడకు రెండు ఇనప రేకులు కొడతారంటండీ. ఒకటి ఊరికే ఖాళీగా, ఆటకు. పక్కదానికి చుట్టూ చట్రం, సరిగ్గా ఎనిమిదికి నాలుగు. ముక్కలకు అది ఇల్లు. ఆడుకొని అయినాక బిడ్డలు అన్నీ మళ్ళా చట్రంలో సర్దితే నిండా కూర్చోవాల, ఒకటి కూడా బయట మిగలకూడదు. అందుకే అన్నీ ఒకే పలకలోంచి తీస్తున్నా."

వెంకటాచలపతి కళ్ళజోడు పెట్టుకున్నాడు. పలకను నిలువుగా పన్నెండు పట్టీలు చేసింది. ఒక్కో పట్టీ పైన 'ఎనిమిది అంగుళాలు' అని రాసింది. ఒక్కో పట్టీని మళ్ళీ చదరాలుగా, త్రికోణాలుగా, ఏటవాలు ముక్కలుగా విరిచింది. ఏ రెండు పట్టీలూ ఒక్క తీరుగా లేవు. అయినా ఏ ముక్కను చూసినా దాని పక్క ముక్కను పిలుస్తున్నట్టే ఉంది. ఒక త్రికోణం విడిచిపెట్టిన చోటులో రెండో త్రికోణం కూర్చుంది, దాని వాలును ఆనుకొని ఏటవాలు ముక్క పడుకుంది. పోయినదేమీ లేదు. నిన్న రెండు గంటలు కూర్చొని, అక్కర్లేని బద్దీలతో పూడ్చి తాను సాధించినదాన్ని ఈమె ఏ బద్దీ లేకుండా సాధించింది. పైగా చూడటానికి బాగుంది. అది అతనికి గుచ్చుకుంది. ముక్కలతో ఆడటం ఆమె పని, పలకను విడగొట్టడం తన పని అని ఇన్నాళ్ళూ ఒక సరిహద్దు ఉండేది. ఈమె దాన్ని కూడా దాటి వచ్చేసింది.

"ఒకసారి చూడండి. ఏమన్నా తప్పుంటే చెప్పండి" అంది వాసవాంబ.

అతను చూశాడు. వేలితో పట్టీల వెంట పోయాడు. ఎనిమిది, ఎనిమిది, ఎనిమిది. పన్నెండు ఎనిమిదులు తొంభై ఆరు. ఎనిమిదడుగుల పలక తొంభై ఆరు అంగుళాలు. సరిగ్గా సరిపోయింది.

అక్కడ అతని వేలు ఆగింది. సరిగ్గా సరిపోకూడదు.

రంపం గాలిలో తిరగదు, చెక్కను తింటూ తిరుగుతుంది. ఒక్కో కోతకు ఒక నూలు తింటుంది, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. పన్నెండు పట్టీలకు పదకొండు కోతలు, పదకొండు నూళ్ళు. ఒకటిన్నర అంగుళానికి ఒక నూలు తక్కువ, పొట్టుగా మారి నేల మీద పడుతుంది. వరదన్ అలవాటుగా ఒక్కో పట్టీని ఎనిమిది కొలుచుకుంటూ కోసుకుపోతాడు. పదకొండు పట్టీలు నిండుగా వస్తాయి, పన్నెండోది బక్కచిక్కి వస్తుంది. దాన్నీ దాని ముక్కలనూ చట్రంలో పెడితే పక్కన రెండు వేళ్ళు దూరేంత సందు. డాక్టరు ముందు, వాళ్ళ ఇంటివాళ్ళ ముందు, వచ్చిపోయేవాళ్ళ ముందు. రంపం పట్టిన మొదటి నెలలోనే ఎవడికైనా తెలిసే సంగతి అది.

అతని లోపల ఏదో చల్లగా దిగింది.

"ఏమండీ?"

"సరిగానే ఉంది" అన్నాడు వెంకటాచలపతి.

"నిజంగానా?"

"బాగా గీసినావు. సరిగానే ఉంది." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

ఆమె తాళం చెవులు ఒక్కొక్కటే తీసి, కాగితం చుట్టుకుంది. అతని నోటి నుంచి 'బాగా' అనే మాట వచ్చినందుకో ఏమో, ముఖం కొంచెం విచ్చుకుంది. లోపలికి పోతూ వెనక్కి తిరిగి ఒకసారి చూసింది.

*

గురువారం కోత. ఆ రోజు అతను అంగట్లో ఉండదలుచుకోలేదు. ఉంటే వరదన్ ఏదో ఒకటి అడుగుతాడు, అడిగితే చెప్పవలసి వస్తుంది. ఆవడిలో కొలతలు చూడాలని చెప్పి ఎనిమిదింటి లోకల్ రైలు పట్టుకున్నాడు. అక్కడ పని గంటలో అయిపోయింది. ఒక ఎరిగినవాడి హార్డ్‌వేరు అంగట్లో కూర్చొని టీ తాగాడు, ఫోను చూసుకున్నాడు, ఇంకో టీ తాగాడు. వచ్చేసరికి సాయంత్రం అయింది. ముక్కలన్నీ గోనెసంచుల్లో కట్టేసి గోడవారగా పెట్టారు. చివరి పట్టీ ఎట్లా వచ్చిందని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. అడిగితే తెలిసిపోతుంది. అడగలేదు.

వాసవాంబ ఇంట్లోకి పోయాక, అతను రంపం మెషీను ఆన్ చేశాడు. తానే ఒక బూడిదరంగు మైకా బద్దీ తీసుకున్నాడు. ఏ రంగు పక్కనైనా తప్పు పట్టనిది బూడిదరంగు. ఒకటిన్నర అంగుళానికి ఒక నూలు తక్కువ కొలిచి చీల్చాడు. అడుగు పొడవున నాలుగు ముక్కలు చేశాడు, చేతిసంచిలో పట్టాలి గదా. అంచులు గరుకు ఉప్పుకాగితంతో రుద్దాడు. ఆమె డబ్బాలోంచే అయస్కాంతం పట్టీ తీసి వెనక అతికించాడు.

ఇదంతా ఆమె పని చెడగొట్టడానికని అతను ఒప్పుకోడు. చెడిపోకుండా కాపాడటానికే. కాకపోతే కాపాడే చేయి ఎవరిదో నలుగురూ చూడాలి. సందు కనబడుతుంది. ఆమె ముఖం పాలిపోతుంది. అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటారు. అప్పుడు తాను తొందరపడకుండా సంచిలో చేయి పెట్టి, 'రంపం తినేది ఉంటుందమ్మా, ఈ పనిలో ముప్పై ఏళ్ళు ఉన్నవాడికి తెలుస్తుంది' అని నాలుగు బద్దీలూ తీసి పూడుస్తాడు. అప్పుడు ఎవరి వీపు ఎటు తిరుగుతుందో చూడాలి. ఆ మాటను రెండు మూడు రకాలుగా అని చూసుకున్నాడు. 'అమ్మా' లేకుండా అయితే ఇంకా గట్టిగా ఉంది.

*

శుక్రవారం పొద్దున సంచులు శరవణన్ ఆటోలో పోయాయి, మొగుడూ పెళ్ళాలు రైల్లో పోయారు. తిరుత్తణి కొండ గుడిలో ఆడి కృత్తిక పండగ దగ్గరికి వచ్చింది. రైలుపెట్టె నిండా పసుపు గుడ్డలు, కావళ్ళు. అరక్కోణం దాకా నిలబడే పోయారు. తిరుత్తణిలో దిగితే వీధి వీధంతా గుండు కొట్టించుకొని గంధం పూసుకున్న తలలు.

ఆసుపత్రి హాలులో ఇంకా సున్నం వాసన పోలేదు. ఇనుప రేకులు బిగించిన వెల్డరు నిచ్చెన పట్టుకొని నిలబడ్డాడు. జనని అవ్వ రుక్మిణమ్మ ఎనభై దాటిన మనిషి, కుర్చీ వేయించుకొని కూర్చుంది. "మా జనని గోడకు ఆటబొమ్మలు కొట్టిస్తా ఉందంటే చూద్దామని వచ్చినా" అంది. "బొమ్మలేవీ యాడ?"

"బొమ్మలు లేవవ్వా. ముక్కలే" అంది వాసవాంబ.

"మంచిదే. బొమ్మకైతే ముక్కు వంకరని పేరు పెడతారు."

వెంకటాచలపతి పక్కనే ఉన్న బెంచీ మీద, సంచి ఒడిలో పెట్టుకొని కూర్చున్నాడు.

వాసవాంబ కొంగు బిగించి ఎడమ నుంచి మొదలుపెట్టింది. మొదటి పట్టీ ముక్కలు చట్రం మూలను ఆనించి, టక్కు టక్కుమని ఒకటి కింద ఒకటి. రెండో పట్టీ. మూడో పట్టీ. తొందర లేదు. ప్రతి ముక్కనూ అంటించాక అరచేత్తో ఒకసారి నొక్కి, వెనక్కి ఒక అడుగు వేసి చూస్తుంది. అతను పట్టీలు లెక్కపెడుతున్నాడు. ఏడు. ఎనిమిది. చేయి సంచి జిప్పు మీదికి పోయింది. తొమ్మిది. పది. గొంతు సవరించుకున్నాడు. పదకొండు.

పన్నెండో పట్టీ ముక్కలు కుడి చట్రాన్ని ఆనుకొని కూర్చున్నాయి. చివర సందు లేదు.

అతను లేచి దగ్గరికి పోయాడు. చివరి పట్టీ బక్కది కాదు. అన్నిటిలాగే ఉంది. చివర రావలసిన సందు చివర లేదు, అంతటా ఉంది. ప్రతి ముక్కకూ చుట్టూ సన్నటి తెల్లగీతలా, ఒకే ఒక్క నూలు. చిలకపచ్చకూ వంకాయరంగుకూ నడుమ ఆ గీత వెలుగుతున్నట్టు ఉంది.

"అక్కా, సందులు వచ్చినాయే?" అన్నాడు వెల్డరు.

"రావాలనే" అంది వాసవాంబ. "మామూలుగా అయితే గీత పక్కన కోస్తారు, ముక్క కొలత తగ్గకుండా. నేను పలక మీద గీతలన్నీ ముందే గీసి, గీత మీదనే కోయమన్నా. వరదన్ ఒప్పుకోలా, అట్ట కోస్తే అన్న తంతాడన్నాడు. నేను పక్కనే నిలబడి కోయించినా. రంపం తినేది ఒక నూలు గదా. ఆ నూలు ఒక్కడి నెత్తిన పడకుండా అందరికీ పంచేసినా. ఆ సందు లేకపోతే గోరు ఎట్ట దూరతాది? నిండా బిగిస్తే ఏ బిడ్డ ఊడదీయగలదు?"

రుక్మిణమ్మ కుర్చీలోంచి లేచింది. వణికే వేలు చాచి, చట్రంలోంచి ఆవపిండి రంగు త్రికోణాన్ని గోటితో మెల్లగా తప్పించి, చేతిలోకి తీసుకుంది. పక్క రేకు మీద ఒకచోట పెట్టింది. నచ్చలేదు. తీసి తలకిందులుగా పెట్టింది.

"దూరిందే నా గోరు కూడా!" అంది ముసలమ్మ. "ఏయ్ జననీ, నాకు ఆ నల్లది అందియ్యి. ఆ మీద ఉండేది."

అందరూ నవ్వారు. వెల్డరు కూడా నిచ్చెన వదిలేసి ఒక ముక్క తీశాడు. వెంకటాచలపతి వెనక్కి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. ఒడిలో సంచి లేదు. బెంచీ మీదే వదిలేసి లేచినట్టున్నాడు.

"మీ తువ్వాలు ఇందులో ఉండాల గదా" అంటూ వాసవాంబ సంచి జిప్పు లాగుతోంది. "మైకా మీద వేలిముద్రలు పడతా ఉండాయి."

"నేను తీస్తా, ఉండు..."

ఆమె చేయి అప్పటికే లోపల ఉంది. తువ్వాలుతో పాటు ఒక బూడిదరంగు బద్దీ పైకి వచ్చింది. ఆమె దాన్ని తిప్పి చూసింది. వెనక అయస్కాంతం ఉంది. లోపలికి చూసింది, ఇంకా మూడు. నడుముకు తగిలించుకున్న టేపు తీసి, బద్దీ వెడల్పు మీద పెట్టింది. ఒకటిన్నరకు ఒక నూలు తక్కువ. గోడవంక చూసింది, పట్టీల మధ్య గీతల వంక. పెదవులు కదిలాయి. లెక్క పదకొండు దాకా పోయి ఉండాలి.

టేపు వదిలింది. అది చప్పుడుతో లోపలికి పోయింది.

బద్దీని సంచిలోనే పెట్టి, జిప్పు మూసి, ఆమె పోయి గోడ తుడవడం మొదలుపెట్టింది.

*

తిరుగు రైల్లో కిటికీ పక్క చోటు దొరికింది. ఎదురుగా ఉన్న ఒక కావడి ముసలాయన జామకాయ కోసి సగం ఇస్తే తీసుకుంది, తినింది.

"పదకొండు కోతలు" అంది, అరక్కోణం దాటాక. "లెక్క కరెక్టుగానే వేసినారు."

"అది... ఏమన్నా తక్కువైతే పనికొస్తాయని..."

"బుధవారమే వేసినారు. వేలు ఆగింది, నేను చూసినా. ఏదో ఉందనుకున్నా. మీరు సరిగానే ఉందన్నారు."

అతను కిటికీలోంచి చూశాడు. కడంబత్తూరు దగ్గర ఇటుక బట్టీలు వెనక్కి పోతున్నాయి.

"రంపం తినేది మర్చిపోయినావే అని మీరొక మాట అనుంటే, లేదండీ, అందుకే గీత మీద కోయిస్తున్నా అని చెప్పుందును" అంది వాసవాంబ. "ఇద్దరం నవ్వుకోనుందుము. అది పోయింది."

ఆమె గొంతులో కోపం లేదు. కోపంగా ఉన్న గిరాకీతో ఎట్లా మాట్లాడాలో అతనికి తెలుసు. తగ్గించి, కూర్చోబెట్టి, టీ తెప్పించి మళ్ళీ దారికి తెచ్చుకోవచ్చు. ఇట్లా నెమ్మదిగా మాట్లాడేవాళ్ళతోనే కష్టం.

"తిరునిన్రవూరులో ఒక బడివాళ్ళు అడిగినారు, జనని చెప్పి పంపించింది. ఆ పలక అక్కడి రంపపు మిల్లులోనే కోయించుకుంటా" అంది. "ఇక మీదట అట్టనే."

"మన అంగడి ఉండగా బయటనా? నలుగురూ ఏమనుకుంటారు?"

"అంగడి నాది కూడా. రోజూ వస్తా, బిల్లులు రాస్తా. కోత మాత్రం బయటే."

ముప్పై ఏళ్ళలో ఎందరో గిరాకీలు మానుకున్నారు. వాళ్ళెవరూ చెప్పి పోలేదు. రెండు నెలలు కనబడకపోతే ఎదుటి అంగట్లో వాళ్ళ బండి కనబడేది, అంతే. ముఖం మీద, కారణం కూడా చెప్పి పోయింది ఈమె ఒక్కతే.

*

మంగళవారం పొద్దున ఆమె తయారై వచ్చింది. చంకలో చుట్టిన క్యాలెండరు కాగితం, చేతిలో టేపు. పది గంటల లోకల్‌కు పోవాలి. వరదన్ రంపం ఆపి అయోమయంగా చూస్తున్నాడు. అతనికి ఎవరూ ఏమీ చెప్పలేదు. గోడ దగ్గర ఇద్దరు కొత్తవాళ్ళు ముక్కలు జరుపుతున్నారు, వీపులు ఇటు పెట్టి.

వాసవాంబ మెట్లు దిగింది.

తిరునిన్రవూరు మిల్లు వెంకటాచలపతికి బాగా తెలుసు. అక్కడివాళ్ళు దుంగలు కోసేవాళ్ళు, రంపం బిళ్ళ పెద్దది, పళ్ళు మందం. వాళ్ళు చెప్పరు. అడిగితే తప్ప ఎవరూ చెప్పరు. తన రంపం లెక్కతో గీసిన పటం అది. అక్కడ కోస్తే సందులు పెరిగిపోతాయి, ముక్కలు చట్రంలో వదులుగా తిరుగుతాయి. బిడ్డ ఒకటి సర్దితే పక్కది వంకర పోతుంది. ఆమె తెల్లమొహం వేసుకొని మళ్ళీ ఈ మెట్లే ఎక్కవలసి వస్తుంది. అతను నోరు మూసుకొని కూర్చుంటే చాలు. అంతకన్నా తేలికైన పని లేదు. ఒకసారి చేసి చూసిన పనే.

ఆమె వీధి మలుపు దాకా పోయింది.

"ఇదిగో!" అని అరిచాడు. బల్ల వెనక నుంచి లేచి, చెప్పులు లేకుండానే మెట్లు దిగాడు. ఎండకు వీధి రాళ్ళు కాలుతున్నాయి. గోడ దగ్గరి కొత్తవాళ్ళు కూడా వెనక్కి తిరిగి చూశారు. అతను వాళ్ళను గమనించలేదు.

"అక్కడి రంపం వేరే" అన్నాడు ఆయాసపడుతూ. "మనదిలా కాదు. నూలున్నర తింటాది. కోతకు నూలున్నర."

వాసవాంబ అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత కాగితం వంక చూసుకుంది. పక్కన మందుల అంగడి అరుగు మీద కూర్చొని, మోకాళ్ళ మీద కాగితం పరిచి, పెన్సిలు తీసింది. ఎనిమిదులు ఒక్కొక్కటే రబ్బరుతో చెరపసాగింది. గాలికి కాగితం కొన లేస్తోంది.

అతను వంగి, ఆ కొనను వేలితో నొక్కి పట్టుకున్నాడు. ఆమె వద్దనలేదు. తలెత్తి చూడనూ లేదు. పన్నెండు అంకెలూ మార్చి, వాటికి తగ్గట్టు చట్రం కొలత కూడా తగ్గించి రాశాక కాగితం చుట్టుకొని లేచి, స్టేషను వైపు నడిచింది.